కంద కన్ను

ఎంతైందని అడిగారు కదండీ
ఇంత తోటకి.
గ్యాసు బుక్కు ఆఖరి పేజీలో రాసుంది, చూడండి.
పురికొస, పదకొండు రూపాయలు.
ఆ కింద రాయడానికేం లేక
మా చిన్నది ఏనుగు బొమ్మ గీసింది.

కడియపులంకలో లారీకి మొక్కలెత్తే చోట
రోజుకి చేటెడు ఆకులు రాల్తాయండి.
ఊరు దాటేవాటిని గడ్డి పరిచి, పేపరు చుట్టి
పసిపిల్లల్లా పడుకోబెడతారు.
రాలినవాటి మీంచే నడుస్తారు.
నేను ఊడ్చేదాన్ని.
ఒకనాడు గోరంత ఆకు, బొద్దుగా, అంచున ఎరుపు,
చీపురు దాని దాకా వెళ్ళి ఆగింది.
కొంగున ముడేసి తెచ్చి
కిటికీ గూట్లో పడేసి మర్చిపోయాను.

మట్టి లేదు, చెంబు లేదు, పలకరింపు లేదు.
ఇరవయ్యో రోజున అగ్గిపెట్టె కోసం తడుముతూ చూద్దును కదా,
తెగిన చోట గులాబీ రంగు దారాలు,
వాటి పక్కన ఆవగింజంత పువ్వు.
పువ్వు కాదండి, మొక్కే.
పుట్టడమే పువ్వులా పుడుతుందది.
అదిగో పెయింటు డబ్బాలో పళ్ళెమంత విచ్చుకుంది,
చుట్టూ కొబ్బరి చిప్పల్లో దాని మనవరాళ్ళు.

మొదట్లో పదింటిని చంపాను, నిజం చెప్పొద్దూ.
గోదారి నీళ్ళు తాగి పెరిగినదాన్ని,
ముద్దొస్తే నీళ్ళు పొయ్యడమే తెలుసు.
ఉడికిన వంకాయల్లా మెత్తబడి కూలిపోయాయి.
పల్లాలమ్మత్త వచ్చి చూసి,
"మన ఊళ్ళో నీళ్ళు అడక్కుండా వస్తాయి,
వీటి ఊళ్ళో అడిగినా రావే. చెయ్యి ఆపుకో" అంది.
ఆపుకోవడం పొయ్యడం కంటే కష్టం.
అందుకే బియ్యం కడిగిన నీళ్ళు
చేతిలో ఉండగానే బచ్చలి వైపు తిరుగుతాను.

బచ్చలి నేను వేసింది కాదు.
గోడ మీంచి తొంగిచూసి, దిగిపోయింది.
పళ్ళు రాల్చుకుంది, పిట్టల్ని పిలుచుకుంది.
మా చిన్నది ఆ రంగు పెదాలకి పూసుకెళ్ళి
బడిలో ఒంటికాలి మీద నిలబడింది.

కంద ఒక్కటే కొన్నానండి, అదీ కూరకి.
కూర లెక్క వేరు కదా, అందుకే రాయలేదు.
కన్నున్న ముక్క పక్కన పెట్టాను.
నేల తవ్వొద్దన్నాడు ఇంటాయన.
సిమెంటు సంచిలో పొయ్యి బూడిద, ఎండాకు, కొబ్బరి పీచు.
వైశాఖంలో పాతితే
వానాకాలమంతా గొడుగు పట్టుకు నిలబడింది.
గొడుగు వాలాక సంచి కోస్తే, నాలుగు కేజీలు.
మళ్ళీ కన్ను తీసి పాతాను.
తొమ్మిదేళ్ళుగా ఒకటే కన్ను,
మేం తింటూనే ఉన్నాం, అది చూస్తూనే ఉంది.

గంగవాయిలిని మర్చిపోయా.
నర్సరీలో కలుపని పీకేస్తారు దాన్ని.
ఆకు నొక్కి చూడండి,
లారీ ఎక్కేవాళ్ళ ఆకులాగే నీళ్ళ మూట.
చుట్టరికం ఉందేమో, వాళ్ళు ఒప్పుకోరు.
పప్పులో వేస్తే మాత్రం
చింతపండు సగం మిగులుతుంది.

నిరుడు వీధి కాలవ పొంగి ఇంట్లోకొచ్చింది.
డబ్బాలూ చిప్పలూ మంచమెక్కాయి,
మేం ముగ్గురం బల్ల మీద కూర్చుని తెల్లారబెట్టాం.
నీళ్ళు తీశాక బచ్చలి కుళ్ళిపోయింది,
సంచి చిరిగి కంద ఎటుపోయిందో.
ఒక్క ముక్క దొరికింది, తలుపు వెనక,
కన్నున్న వైపు పైకి తిరిగి.

అమ్మనండీ, ధర అడక్కండి.
ఆ ఎర్రంచుది ఒక ఆకు గిల్లుకోండి.
పట్టుకెళ్ళి ఎక్కడో పెట్టి
ఇరవై రోజులు మర్చిపోండి.
బచ్చలి గింజలా?
అవి అడగక్కర్లేదు.
ఇందాక తొక్కారు,
మీ చెప్పులకి ఉన్నాయి.